కిడ్నీలో కొవ్వు గడ్డ: 4 సెంటీమీటర్ల అంకె ఒక్కటే తీర్పు చెప్పలేదు

పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని, లేదా ఏటా చేయించే పరీక్షల్లో భాగంగా కడుపుకి అల్ట్రాసౌండ్ తీస్తారు. రిపోర్టు చివర ఒక వాక్యం ఉంటుంది: కుడి కిడ్నీ పైభాగంలో తెల్లగా మెరుస్తున్న గడ్డ, యాంజియోమయోలైపోమా కావచ్చు. చదివినవాళ్ల కళ్లకు ఆనేది "గడ్డ" అన్న మాట ఒక్కటే. కిడ్నీలో వచ్చే ఈ కొవ్వు గడ్డకి పొట్టిపేరు ఏఎంఎల్. ఇంటర్నెట్‌లో ఆ పేరుతో వెతికితే అదే పొడి అక్షరాలున్న ఒక రక్తకేన్సర్ గురించి పేజీలకు పేజీలు వచ్చిపడతాయి. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఈ గడ్డ ఎక్కువమందికి జీవితాంతం ఏ హానీ చేయదు. అయినా దీని పేరుతో నిక్షేపంలాంటి కిడ్నీలు పోతున్నాయి. ఇంకోవైపు, నిజంగా ప్రమాదం ఉన్న కొద్దిమంది "కేన్సర్ కాని సాధు గడ్డే కదా" అన్న భరోసాతో పరీక్షలు మానేసి, ఒకనాడు లోపల రక్తస్రావంతో అత్యవసర విభాగానికి చేరుతున్నారు. ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే అని నా అభిప్రాయం: గడ్డ పొడవు ఒక్కటే చూసి నిర్ణయించడం. 4 సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్, దాటకపోతే మరిచిపో అన్న సూత్రం గుర్తుపెట్టుకోవడానికి సులువు. కానీ గడ్డలో కొవ్వు ఉందని రుజువైందా, అందులో రక్తనాళాలు ఎలా ఉన్నాయి, అది ఎవరి శరీరంలో ఉంది అన్న మూడింటినీ ఆ సూత్రం పక్కకు నెట్టేస్తుంది.

ముందు ఈ గడ్డ దేనితో తయారైందో చూడాలి. ఇందులో మూడు పదార్థాలు కలిసి ఉంటాయి: గోడలు సరిగా ఏర్పడని రక్తనాళాలు, నునుపు కండర కణాలు, పరిపక్వమైన కొవ్వు. ఒక్కో గడ్డలో వీటి పాళ్లు ఒక్కోలా ఉంటాయి. కొన్ని దాదాపు అంతా కొవ్వే. కొన్నిటిలో కొవ్వు సూక్ష్మదర్శిని కింద తప్ప కనపడదు. ఈ పాళ్ల తేడా ఒక్కటే నిర్ధారణను సులువు చేయగలదు, లేదా చిక్కుల్లో పడేయగలదు. అచ్చంగా కొవ్వుతోనే ఏర్పడి, పొర కప్పుకుని ఉండే లైపోమా కూడా కిడ్నీలో వస్తుంది గానీ అది చాలా అరుదు. ఇక కిడ్నీ మధ్యభాగంలో కొవ్వు పేరుకుపోవడం, దెబ్బతిని కుంచించుకుపోయిన కిడ్నీ స్థానాన్ని కొవ్వు ఆక్రమించడం అసలు గడ్డల కిందికే రావు. రిపోర్టులో "లైపోమటోసిస్" అని ఉంటే అది ఈ కోవలోది.

కొవ్వు గడ్డ అనగానే చాలా ఇళ్లలో మొదట నూనె, నెయ్యి మానేస్తారు. తిండిలోని కొవ్వుకీ ఈ గడ్డకీ ముడి లేదు. కొలెస్టరాల్ తగ్గించే మాత్రలు దీన్ని కరిగించవు. పథ్యం వల్లగానీ కషాయాల వల్లగానీ ఇది చిన్నదవదు. నడుంనొప్పికి కూడా సాధారణంగా ఇది కారణం కాదు. 2 సెంటీమీటర్ల గడ్డ ఉన్న మనిషికి నడుం నొప్పిగా ఉంటే ఆ నొప్పికి వేరే కారణం వెతకాలి. గడ్డ కనిపించింది కాబట్టి నొప్పి దానిదే అనుకుని గడ్డ తీసేస్తే, ఆపరేషన్ తర్వాత కూడా నొప్పి అలాగే ఉంటుంది.

సాధారణ జనాభాలో ఇది నూటికి ఒకరిలో కూడా ఉండదు. అల్ట్రాసౌండ్ చేయించుకున్న వేలమందిని పరిశీలించినప్పుడు అర శాతం లోపే తేలింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. అయిదింట దాదాపు నాలుగు దానంతటదే, ఏ జన్యువ్యాధీ లేకుండా, ఎక్కువగా నడివయసులో, సాధారణంగా ఒక కిడ్నీలో ఒక్కటే కనిపిస్తాయి. మిగతావి ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యువ్యాధితోనో, లింఫాంజియోలియోమయోమటోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతోనో ముడిపడి ఉంటాయి. ఆ జబ్బులున్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

అల్ట్రాసౌండ్‌లో తెల్లగా కనిపిస్తే చాలదు

కొవ్వు అల్ట్రాసౌండ్‌లో తెల్లగా మెరుస్తుంది. అందుకే రిపోర్టులో ఆ అనుమానం రాస్తారు. అయితే 3 సెంటీమీటర్ల లోపు కిడ్నీ కేన్సర్లలో కూడా సుమారు మూడోవంతు అలాగే తెల్లగా కనిపించగలవు. గడ్డ వెనక నీడ పడటం యాంజియోమయోలైపోమా వైపు మొగ్గే సూచన. చుట్టూ నల్లటి అంచు ఉండటం, లోపల చిన్న నీటితిత్తులు ఉండటం కేన్సర్ వైపు మొగ్గేవి. ఇవన్నీ సూచనలే, రుజువులు కావు. మొదటిసారి అల్ట్రాసౌండ్‌లో కనిపించిన గడ్డని, అందులోనూ ఒక సెంటీమీటరు దాటినదాన్ని, ఒక్కసారైనా సీటీతోనో ఎంఆర్‌ఐతోనో తేల్చుకోవాలని నేను గట్టిగా అంటాను. తేల్చకుండా ఏడాదికోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూ పోతే, చూస్తున్నది ఏమిటో తెలియకుండానే దాన్ని కొలుస్తున్నట్టు అవుతుంది.

సీటీ ఎలా తీశారన్నది కూడా ముఖ్యమే. సీటీలో ప్రతి చుక్కకీ హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఒక విలువ ఉంటుంది. నీరు 0, గాలి మైనస్ 1000, రంగుమందు (రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి సూదితో ఎక్కించేది) ఇవ్వని కిడ్నీ కణజాలం సుమారు 30 నుంచి 40. కొవ్వు సున్నాకి కిందికి పోతుంది, స్వచ్ఛమైన కొవ్వయితే మైనస్ 100 దరిదాపుల్లో ఉంటుంది. గడ్డలో ఏదో ఒక చోట మైనస్ 10 లేదా అంతకన్నా తక్కువ విలువ స్పష్టంగా దొరికితే కొవ్వు ఉన్నట్టు లెక్క, నిర్ధారణ దాదాపు పూర్తయినట్టే.

ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. 5 మిల్లీమీటర్ల మందంతో కోసిన చిత్రాల్లో ఒక సెంటీమీటరు గడ్డని కొలిస్తే, గడ్డలోని కొవ్వూ పక్కనున్న కిడ్నీ కణజాలమూ ఒకే చుక్కలో కలిసిపోయి సగటు విలువ సున్నాకి పైకి వస్తుంది. కొవ్వు ఉన్నా లేదని రాస్తారు. చిన్న గడ్డల్ని 1 నుంచి 3 మిల్లీమీటర్ల సన్నని కోతల్లోనే కొలవాలి. రంగుమందు ఎక్కించాక మాత్రమే తీసిన సీటీలోనూ ఇదే ఇబ్బంది: రక్తనాళాలు వెలిగి సగటుని పైకి లాగుతాయి. కాబట్టి రంగుమందు ఎక్కించకముందు తీసిన చిత్రాలు తప్పనిసరి. గడ్డ మొత్తం మీద ఒక పెద్ద వృత్తం గీసి సగటు తీయడం మరో తప్పు. నల్లగా కనిపించే భాగం మీద చిన్న వృత్తం పెట్టి కొలవాలి. అలాగని ఒక్క చుక్క విలువను నమ్మకూడదు, అది చిత్రంలోని గరుకుదనం కూడా కావచ్చు. రిపోర్టులో "కొవ్వు కనిపించలేదు" అని ఉంటే, ఆపరేషన్ మాట ఎత్తేముందు రేడియాలజిస్టుని రెండు ప్రశ్నలు అడగవచ్చు: రంగుమందు లేకుండా తీశారా? ఎన్ని మిల్లీమీటర్ల కోతల్లో కొలిచారు? తరచుగా కొత్త స్కాన్ కూడా అవసరం ఉండదు. ఉన్న స్కాన్ డేటానే సన్నని కోతలుగా మళ్లీ తీసి చూడొచ్చు.

ఎంఆర్‌ఐలో కొవ్వును చూసే పద్ధతులు రెండు. కొవ్వు సంకేతాన్ని అణచివేసే చిత్రాల్లో, అంతకుముందు తెల్లగా ఉన్న భాగం నల్లబడితే అది కొవ్వే. కొవ్వు, నీరు సంకేతాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చిత్రాల్లో అయితే గడ్డకీ కిడ్నీకీ మధ్య సిరాతో గీసినట్టు నల్లని గీత కనిపిస్తుంది. ఈ రెండో పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది. క్లియర్‌సెల్ రకం కిడ్నీ కేన్సర్ కణాల లోపల కూడా సూక్ష్మమైన కొవ్వు బిందువులు ఉంటాయి. అందుకే ఆ కేన్సర్ కూడా ఈ చిత్రాల్లో మసకబారుతుంది. గడ్డ మొత్తం మసకబారడాన్ని చూసి "కొవ్వు ఉంది కాబట్టి సాధువే" అనేస్తే ప్రమాదం. కావలసింది ముద్దగా కనిపించే కొవ్వు, అంచున నల్లని గీత.

కొవ్వు కనిపించినా ఆగి ఆలోచించాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. కొవ్వుతోపాటు సున్నం పేరుకున్న మచ్చలు ఉంటే కేన్సర్‌ని అనుమానించాలి, యాంజియోమయోలైపోమాలో సున్నం దాదాపు కనిపించదు. పెద్ద కేన్సర్ గడ్డ పెరుగుతూ పక్కనున్న కొవ్వుని తనలోకి చుట్టేసుకోవడమూ ఉంది. కిడ్నీ బయటికి పొడుచుకొచ్చిన పెద్ద కొవ్వు గడ్డయితే, అది కిడ్నీలో పుట్టిందా, లేక కిడ్నీ వెనక కొవ్వులో పుట్టిన లైపోసార్కోమా అనే కేన్సరా అన్నది తేల్చాలి. గడ్డ మొదలైనచోట కిడ్నీ అంచు కోసినట్టు చీలి ఉండటం, కిడ్నీలోంచి లావాటి రక్తనాళం నేరుగా గడ్డలోకి వెళ్లడం యాంజియోమయోలైపోమా లక్షణాలు. లైపోసార్కోమా కిడ్నీని చీల్చదు, పక్కకు నొక్కుతుంది.

కొవ్వు స్కాన్లలో దొరకని రకం సుమారు 5 శాతం ఉంటుంది. రంగుమందు లేని సీటీలో ఇవి చుట్టూ ఉన్న కిడ్నీకన్నా కాస్త తెల్లగా, ఎంఆర్‌ఐలో టీ2 అనే రకం చిత్రాల్లో నల్లగా కనిపిస్తాయి. కానీ కొన్ని కేన్సర్లూ అచ్చం అలాగే ఉంటాయి. ఇక్కడ సూదితో ముక్క తీసి పరీక్షించడమే సరైన దారి. కేన్సర్ అనుమానంతో తీసేసిన చిన్న కిడ్నీ గడ్డల్లో దాదాపు అయిదోవంతు చివరికి సాధువని తేలుతున్నాయి, వాటిలో ఈ రకానిది పెద్ద వాటా. సూది గుచ్చితే కేన్సర్ పాకుతుందన్న భయం పాతది. బయటి తొడుగు సూది గుండా లోపలి సూది పంపి తీసే పద్ధతిలో అది బహు అరుదు. తీసిన ముక్కకి హెచ్‌ఎంబీ-45, మెలాన్-ఏ అనే రంజక పరీక్షలు చేయించాలి. యాంజియోమయోలైపోమాలో అవి పాజిటివ్‌గా వస్తాయి, సైటోకెరాటిన్ అనే మరో రంజక పరీక్ష నెగటివ్‌గా వస్తుంది. కిడ్నీ కేన్సర్లలో సాధారణంగా దీనికి తలకిందులు. ఈ పరీక్షలు అడగకుండా మామూలు రంగుతోనే చూసి రిపోర్టు ఇస్తే ముక్క తీసిన ప్రయోజనం సగం పోతుంది. యాంజియోమయోలైపోమాలోనే ఎపిథెలియాయిడ్ అనే రకమని రిపోర్టులో వస్తే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ కుటుంబంలో ఇతర అవయవాలకు పాకగలిగేది అదొక్కటే. దాన్ని తీసేయాలి, ఆ తర్వాత కూడా కనిపెట్టి ఉండాలి.

4 సెంటీమీటర్లు ఎక్కడినుంచి వచ్చింది

1986లో ఓస్టర్లింగ్, ఆయన సహచరులు అంతకుముందు వైద్య పత్రికల్లో అచ్చయిన కేసులను కూడగట్టి విశ్లేషించారు. 4 సెంటీమీటర్లు దాటిన గడ్డలున్నవాళ్లలో 82 శాతం మందికి లక్షణాలున్నాయి, 9 శాతం మంది రక్తస్రావంతో షాక్‌లో ఆసుపత్రికి వచ్చారు. చిన్న గడ్డలున్నవాళ్లలో 77 శాతం మందికి ఏ లక్షణమూ లేదు. అక్కడి నుంచి 4 అనే అంకె పాఠ్యపుస్తకాల్లోకి పాకింది.

ఆ కాలాన్ని గుర్తుపెట్టుకుని ఆ అంకెల్ని చదవాలి. అప్పట్లో స్కాన్లు తక్కువ. నొప్పితోనో రక్తస్రావంతోనో వచ్చినవాళ్లకే స్కాన్ తీసేవారు. వైద్య పత్రికల్లో అచ్చయ్యేవి కూడా విపరీతమైన కేసులే. ఆ విశ్లేషణలో జన్యువ్యాధి ఉన్నవాళ్లూ కలిసే ఉన్నారు. ఇబ్బంది వచ్చినవాళ్లనే లెక్కించి తీసిన శాతాన్ని, ఏ ఇబ్బందీ లేకుండా యాదృచ్ఛికంగా గడ్డ బయటపడిన ఇవాళ్టి మనిషికి వర్తింపజేయడం సబబు కాదు. 2016లో భట్, ఆయన బృందం 447 మందిలోని 582 గడ్డలను సగటున మూడున్నర ఏళ్లకు పైగా గమనించి వెల్లడించిన ఫలితాలు చూస్తే ఇది తెలుస్తుంది. తొంభై శాతానికి పైగా గడ్డలు పెరగనే లేదు. 4 సెంటీమీటర్లు దాటిన గడ్డలున్నవాళ్లలో కూడా చాలామందికి ముందు గమనించడంతోనే మొదలుపెట్టవచ్చని వాళ్లు తేల్చారు. యూరప్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు కూడా ఎక్కువమందికి గమనింపునే సరైన మార్గంగా చెబుతున్నాయి.

2002లో జపాన్‌కు చెందిన యమకాదో బృందం అడిగిన ప్రశ్న నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది: పగిలే గడ్డని ముందే పట్టివ్వగలిగేది పరిమాణమా, లోపలి రక్తనాళమా? గడ్డ 4 సెంటీమీటర్లు దాటడాన్ని ప్రమాణంగా తీసుకుంటే పగిలినవన్నీ అందులో పడ్డాయి. కానీ పగలని గడ్డల్లో 38 శాతాన్ని మాత్రమే సరిగా వేరు చేయగలిగింది. గడ్డ లోపలి రక్తనాళంలో 5 మిల్లీమీటర్లు, అంతకుమించిన ఉబ్బు, అంటే అన్యూరిజం, ఉండటాన్ని ప్రమాణం చేసుకుంటే పగిలినవన్నీ దొరికాయి, పగలనివాటిలో 86 శాతం సరిగా బయటపడ్డాయి. అధ్యయనం చిన్నదే. అయినా అది చూపిన కారణం శరీర నిర్మాణానికి సరిపోతుంది. ఈ రక్తనాళాల గోడల్లో సాగి తిరిగి ముడుచుకునే ఎలాస్టిక్ పొర సరిగా ఉండదు. రక్తపు ఒత్తిడికి గోడ బుడగలా ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ పలచబడుతుంది, చివరికి చిట్లుతుంది. రక్తం కారేది రక్తనాళంలోంచే గానీ కొవ్వులోంచి కాదు. దాదాపు అంతా కొవ్వే ఉన్న 6 సెంటీమీటర్ల గడ్డకన్నా, లావాటి నాళాలూ 8 మిల్లీమీటర్ల ఉబ్బూ ఉన్న గడ్డ నన్ను ఎక్కువ భయపెడుతుంది. అయినా చాలా రిపోర్టుల్లో గడ్డ కొలత ఉంటుంది, అన్యూరిజం ఉందో లేదో ఒక్క ముక్క ఉండదు. రంగుమందు ధమనుల్లో ఉన్న దశలో తీసిన సీటీ చిత్రాల్లో అది తెలుస్తుంది. రిపోర్టులో లేకపోతే అడిగి రాయించుకోవాలి.

కొలత గురించి కూడా కొంత చెప్పాలి. రిపోర్టులో ఒకే అంకె ఉంటే అది గడ్డ అత్యధిక పొడవు మాత్రమే. పొడవు, వెడల్పు, లోతు మూడింటినీ గుణించి 0.52తో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. 6×3×3 సెంటీమీటర్ల గడ్డ 28 మిల్లీలీటర్లు, అన్ని వైపులా 4.4 సెంటీమీటర్లున్న గుండ్రటి గడ్డ 44 మిల్లీలీటర్లు. పొడవు చూసి మొదటిది పెద్దదనుకుంటాం. పెరుగుదల విషయంలో ఇంకో చిక్కు: అల్ట్రాసౌండ్‌లో చేయి మారితే, కోణం మారితే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మామూలే. పోయినేడు సీటీలో 3.8, ఈ ఏడు అల్ట్రాసౌండ్‌లో 4.1 అంటే గడ్డ పెరిగిందని చెప్పలేం. ఒకే రకం స్కాన్‌ని, అదే తలంలో, పాత చిత్రాలు పక్కన పెట్టుకుని పోల్చాలి. నిజంగా వ్యాసం పదోవంతు పెరిగితే ఘనపరిమాణం మూడోవంతు పెరిగినట్టు, అంచేత నిజమైన పెరుగుదలని తేలిగ్గా తీసుకోవడం కూడా తప్పే. పాత రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, పాత స్కాన్ చిత్రాల సీడీని పారేయకుండా దాచుకోవాలి.

ఎవరి విషయంలో లెక్క మారుతుంది

ట్యూబరస్ స్క్లెరోసిస్ సుమారు ఆరువేల జననాల్లో ఒకరికి వస్తుంది. తొమ్మిదో క్రోమోజోమ్ మీది టీఎస్‌సీ1 జన్యువో, పదహారో క్రోమోజోమ్ మీది టీఎస్‌సీ2 జన్యువో దెబ్బతినడం వల్ల, కణాల పెరుగుదలని నడిపే ఎంటార్ అనే ప్రొటీన్‌కి పగ్గం తప్పుతుంది. వీళ్లలో ఎక్కువమందికి జీవితకాలంలో ఈ గడ్డలు వస్తాయి. రెండు కిడ్నీల్లోనూ, చిన్న వయసులోనే, గుత్తులుగా వస్తాయి, వేగంగా పెరుగుతాయి. అందుకే రెండు కిడ్నీల్లో గడ్డలున్నా, ఒకటికన్నా ఎక్కువ ఉన్నా, చిన్న వయసులో కనిపించినా ఈ జబ్బు ఉందేమో వెతకాలి. వెతకడం మొదలయ్యేది చర్మంతో: కనీసం 5 మిల్లీమీటర్లున్న తెల్లమచ్చలు మూడో, అంతకుమించో ఉన్నాయా, ముక్కు పక్కన బుగ్గల మీద ఎర్రటి పొక్కులున్నాయా, గోళ్ల మొదట్లో కండపెరుగుదలలున్నాయా, నడుం దగ్గర చర్మం గరుకుగా మందంగా ఉందా. చిన్నప్పుడు మూర్ఛలు వచ్చాయా అన్నది తప్పక అడగాలి. మొటిమలనుకుని ఏళ్లతరబడి పూతమందులు రాసుకున్న పొక్కులు ఈ జబ్బు ఆనవాళ్లు కావచ్చు.

ముట్లు ఇంకా ఆగని ఆడవాళ్లలో గడ్డతోపాటు ఆయాసమో, ఊపిరితిత్తి హఠాత్తుగా ముడుచుకుపోవడమో ఉంటే ఛాతీ సీటీ తీయాలి. లింఫాంజియోలియోమయోమటోసిస్‌లో ఊపిరితిత్తుల నిండా పలచని గోడల తిత్తులు కనిపిస్తాయి.

గర్భం మరో మలుపు. గర్భధారణలో ఈ గడ్డలు పెరిగి పగిలిన కేసులు వైద్య సాహిత్యంలో చాలానే ఉన్నాయి. తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం కాబట్టి, పిల్లలు కావాలనుకుంటున్న స్త్రీకి పెద్ద గడ్డో, అన్యూరిజమో ఉంటే ముందే చికిత్స చేయించుకోమని చెప్పడం న్యాయం. ఇక్కడ 4 సెంటీమీటర్ల దగ్గర ఆగి ఆలోచించడంలో అర్థముంది. అలాగే రక్తాన్ని పలచన చేసే మందులు వాడుతున్నవాళ్లు, అత్యవసర వైద్యం గంటల దూరంలో ఉన్నచోట బతికేవాళ్లు, పిలిచినా పరీక్షలకు రాలేని పరిస్థితుల్లో ఉన్నవాళ్లు కూడా. ఒకే కొలత గడ్డకి ఇద్దరు మనుషుల్లో రెండు వేర్వేరు నిర్ణయాలు సరైనవి కావచ్చు.

పగిలితే ఎలా ఉంటుందో గడ్డ ఉన్న ప్రతి ఒక్కరికీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ తెలిసి ఉండాలి. పక్కటెముకల కింద, నడుం పక్కన కత్తితో పొడిచినట్టు హఠాత్తుగా నొప్పి, కళ్లు తిరగడం, చల్లని చెమటలు, గుండెదడ, ఒక్కోసారి మూత్రంలో రక్తం. మూత్రం మామూలుగా ఉందని ఊరుకోకూడదు, రక్తం కిడ్నీ చుట్టూ చేరి బయటికి కనిపించకపోవచ్చు. రాయి నొప్పి అనుకుని నొప్పిమాత్ర వేసుకుని ఇంట్లో కూర్చోవడమే ఇక్కడ జరిగే ఘోరమైన పొరపాటు. అత్యవసర విభాగంలో చెప్పాల్సిన మొదటి మాట "నాకు కిడ్నీలో యాంజియోమయోలైపోమా ఉంది" అన్నది. అది చెబితే రక్తం గ్రూపు చూసి సిద్ధం చేయడం, రంగుమందుతో సీటీ తీయడం, సన్నని గొట్టంతో లోపలికి వెళ్లి నాళాన్ని మూసే ఎంబొలైజేషన్ చేసేవాళ్లని పిలవడం ఒకేసారి మొదలవుతాయి. ఆ స్థితిలో కూడా, రక్తం కారుతున్న నాళాన్ని మూసేయడమే మొదటి ఎంపిక కావాలి. హడావుడిలో పొట్ట తెరిచిన ఆపరేషన్ చాలాసార్లు కిడ్నీ మొత్తం తీసేయడంతో ముగుస్తుంది.

చేయాల్సి వస్తే ఏం చేయాలి

ఎంబొలైజేషన్ అంటే గజ్జల్లోని ధమని ద్వారానో, మణికట్టు ధమని ద్వారానో సన్నని గొట్టాన్ని కిడ్నీ ధమనిలోకి పంపి, అందులోంచి ఇంకా సన్నని గొట్టంతో గడ్డకి రక్తం ఇచ్చే కొమ్మలోకి మాత్రమే వెళ్లి దాన్ని మూసేయడం. మూయడానికి ఆల్కహాల్‌ని నూనెలాంటి రంగుమందుతో కలిపి గానీ, సూక్ష్మమైన గుళికలు గానీ వాడతారు. అన్యూరిజం ఉంటే సన్నని లోహపు తీగచుట్టలు కూడా. ఇక్కడ రెండు తప్పులు జరగవచ్చు. తీగచుట్టల్ని కొమ్మ మొదట్లోనే పెట్టేస్తే గడ్డ పక్కదారుల్లో రక్తం తెచ్చుకుంటుంది, మళ్లీ చికిత్స చేయాల్సివస్తే లోపలికి వెళ్లే దారి ఉండదు. గుళికలు మరీ చిన్నవైతే గడ్డలోని అస్తవ్యస్తమైన నాళాల గుండా సిరల్లోకి జారి ఊపిరితిత్తులకు చేరగలవు.

ప్రక్రియ తర్వాత కొన్ని రోజులు జ్వరం, నడుం పక్క నొప్పి, వాంతులు రావడం మామూలు, చచ్చిపోతున్న కణజాలానికి శరీరం స్పందన అది. స్టెరాయిడ్లు తగ్గిస్తూ ఇచ్చే చిన్న కోర్సుతో ఇది బాగా తగ్గుతుంది. వారం దాటినా జ్వరం తగ్గకపోతే లోపల చీము చేరిందేమో స్కాన్‌తో చూడాలి. ఇంకొకటి ముందే చెప్పాలి: రక్తనాళాల భాగం బాగా కుంచించుకుపోతుంది గానీ కొవ్వు భాగం అంతగా తగ్గదు. ఆరు నెలల తర్వాత స్కాన్‌లో గడ్డ ఇంకా కనిపిస్తోందని చికిత్స విఫలమైందనుకోకూడదు. అన్యూరిజం పోయిందా, రంగుమందుకి వెలిగే భాగం పోయిందా అన్నదే చూడాలి. కొందరిలో ఏళ్ల తర్వాత రక్తప్రసరణ తిరిగి వస్తుంది, కాబట్టి గమనింపు ఆగదు.

గడ్డ మాత్రం తీసి కిడ్నీని మిగిల్చే ఆపరేషన్, కేన్సర్ అనుమానం తీరనప్పుడూ, గడ్డ కిడ్నీ అంచున ఉండి తీయడానికి వీలున్నప్పుడూ మంచి ఎంపిక. రక్తప్రసరణ ఆపి ఉంచే సమయం 25 నిమిషాల లోపు ఉండేలా సర్జన్లు చూస్తారు. చిన్న గడ్డలకి సూది గుచ్చి విపరీతమైన చలితో గానీ, వేడితో గానీ కణాల్ని చంపే పద్ధతులున్నాయి. అంత చిన్న గడ్డకి అసలు చికిత్సే అక్కర్లేదన్న మాట ముందు వినాలి. కిడ్నీ మొత్తం తీసేయడం మాత్రం, మిగిల్చడానికి పనికొచ్చే భాగమే లేనప్పుడు, ప్రాణం నిలబెట్టడానికి మరో దారి లేనప్పుడు చేయాల్సిన పని. జన్యువ్యాధి ఉన్నవాళ్లలో అయితే రెండో కిడ్నీలోనూ గడ్డలుంటాయి. మొదటి కిడ్నీని ముప్పై ఏళ్లకే పోగొట్టుకున్న మనిషికి యాభై ఏళ్లకు డయాలసిస్ ఎదురుకావచ్చు.

వాళ్లకి 2012 నుంచి మందు ఉంది. ఎవెరోలిమస్ అనే ఎంటార్ నిరోధకాన్ని ఆ ఏడాది అమెరికాలో ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ల కిడ్నీ గడ్డలకి అనుమతించారు. 118 మందితో చేసి 2013లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, మందు వాడినవాళ్లలో 42 శాతం మందికి గడ్డల ఘనపరిమాణం సగానికి సగం లేదా అంతకుమించి తగ్గింది. ఉత్తి మాత్ర వాడినవాళ్లలో ఒక్కరికీ తగ్గలేదు. లక్షణాలు లేకపోయినా, 3 సెంటీమీటర్లు దాటి పెరుగుతున్న గడ్డకి వీళ్లలో మొదటి చికిత్స ఈ మందే అని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దవాళ్లకి రోజుకి ఒకసారి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. నోటిపూత అన్నిటికంటే ముందు ఇబ్బందిపెట్టేది, స్టెరాయిడ్ కలిపిన ద్రావణంతో పుక్కిలిస్తే అదుపులోకి వస్తుంది. కొలెస్టరాల్, రక్తంలో చక్కెర, మూత్రంలో ప్రొటీన్, రక్తకణాల సంఖ్య క్రమం తప్పకుండా చూస్తుండాలి. పొడిదగ్గు, ఆయాసం మొదలైతే అదే రోజు డాక్టరుకి చెప్పాలి, ఈ మందు ఊపిరితిత్తుల్లో వాపు తేగలదు. క్లారిత్రోమైసిన్, కీటోకొనజోల్ లాంటి మందులు రక్తంలో దీని మోతాదుని పెంచుతాయి, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ల రక్తపోటుకి ఏసీఈ నిరోధకాలు మంచివే అయినా, ఈ మందుతో కలిపి వాడితే ముఖం, గొంతు వాచే ప్రమాదం ఉంది. మందు ఆపేస్తే గడ్డలు మళ్లీ పెరుగుతాయి. ఇది కోర్సు పూర్తిచేసి వదిలేసే మందు కాదని మొదటి రోజే తెలియాలి.

ఏ జన్యువ్యాధీ లేని మనిషిలో, కొవ్వు రుజువైన, అన్యూరిజం లేని 1.5 సెంటీమీటర్ల గడ్డకి మాత్రం నేను ఇవేవీ చెప్పను. ఏడాది తర్వాత ఒక అల్ట్రాసౌండ్‌తో మార్పు లేదని చూసుకుని, ఆ తర్వాత స్కాన్ల మధ్య దూరం పెంచుతూ పోవచ్చు, ఆపేయవచ్చు కూడా. మూడు నెలలకోసారి సీటీ తీయించడం వల్ల ఒరిగేది రేడియేషన్, ఆందోళన మాత్రమే. 4 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉన్న గడ్డకి ఆరు నెలలకోసారో ఏడాదికోసారో, వీలైతే ఎంఆర్‌ఐతో, అన్యూరిజం గురించి స్పష్టంగా రాయించుకుంటూ గమనించాలి. ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకి ఏడాది నుంచి మూడేళ్లకోసారి ఎంఆర్‌ఐ జీవితాంతం, ఏటా రక్తపోటు, కిడ్నీ పనితీరు పరీక్ష తప్పవు. కిడ్నీ తీసేయాలని ఎవరైనా చెబితే సంతకం పెట్టేముందు అడగాల్సినవి ఇవి: కొవ్వు ఎన్ని యూనిట్ల దగ్గర కొలిచారు? అన్యూరిజం ఎన్ని మిల్లీమీటర్లు? ఎంబొలైజేషన్ ఎందుకు కుదరదు? గడ్డ ఒక్కటే తీయడం ఎందుకు కుదరదు? రెండో కిడ్నీ ఎలా ఉంది? గడ్డ పగిలి రక్తం కారుతుంటే తప్ప, ఈ జవాబులు తెచ్చుకుని మరో యూరాలజిస్టుకి చూపించడానికి ఎప్పుడూ సమయం ఉంటుంది.